తప్పిన పరీక్ష, తప్పని సాధన

ఈ కాలపు యువతీయువకులకు మనం ధారాళంగా పంచిపెడుతున్న ఉపదేశం ఒకటి ఉన్నది. "నిన్ను నీవు నమ్ముకో" అనేది ఆ ఉపదేశం. కళాశాల వార్షికోత్సవాలలో అతిథులు ఈ మాట చెబుతారు; బడిగోడల మీద పెద్ద అక్షరాలతో వ్రాయిస్తారు; పుట్టినరోజునాడు పిల్లలకిచ్చే పుస్తకాల అట్టలమీద కూడ అచ్చువేయిస్తారు. మాట మంచిదే. అయితే ఏటా ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన మరునాటి వార్తాపత్రికను చేతిలోకి తీసికొన్నప్పుడు, ఈ ఉపదేశం ఎంతవరకు పనిచేసినదో మనకు తెలుస్తుంది. ఒక పాఠ్యాంశంలో తప్పినందుకు, అనుకొన్న మార్కులు రానందుకు, పదిహేడు పద్ధెనిమిదేండ్ల బిడ్డలు బ్రతుకునే వద్దనుకొన్న వార్తలు ఆ పత్రికలో ఉంటవి. ఆ బిడ్డలకు ఆత్మవిశ్వాసం గురించి ఎవ్వరూ చెప్పలేదనుకోవటానికి వీలులేదు. చెప్పినవారు చాలామందే ఉన్నారు.

మరి లోపం ఎక్కడ ఉన్నది? ఆత్మవిశ్వాసం ముందుగానే పెట్టెలో దాచిపెట్టుకొన్న రొక్కం వంటిదని మనం వారికి నేర్పినాము. అది ఉన్నవాడు బయలుదేరుతాడనీ, లేనివాడు బయలుదేరలేడనీ చెప్పినాము. మార్కుల కాగితం చేతికి వచ్చిననాడు ఆ బిడ్డ తన పెట్టె తెరచి చూచుకొంటాడు. అందులో ఏమీ కనిపించదు. "నన్ను నేను నమ్ముకొనటానికి నాలో ఏమున్నది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మనవద్ద సిద్ధంగా సమాధానం ఉండదు. ఈ ప్రసంగంలో ఆ సమాధానాన్ని వెదకటానికి ప్రయత్నిస్తాను. దానికోసం దూరదేశాల మహాపురుషులను పిలువనక్కరలేదు. కొల్లేటి ఒడ్డున, కలిదిండి పొలిమేరలలోనే మొదలు పెట్టవచ్చును.

కలిదిండి, కైకలూరు, ఆకివీడు ప్రాంతాలలో చేపల చెరువులు చేసేవారికి ఒక పద్ధతి బాగా తెలుసు. బొచ్చె, శీలావతి పిల్లలను వారు వెంటనే పెద్ద చెరువులో వదలరు. చిన్న చెరువులో, ఒత్తుగా, మేత కొద్దికొద్దిగా వేస్తూ దాదాపు ఒక ఏడాదిపాటు ఉంచుతారు. ఆ ఏడాదంతా ఆ చేపపిల్ల పెరగదు. దానిని చూచిన కొత్తవాడు గిడసబారిన పిల్ల అని తీసిపారవేస్తాడు. కాని రైతు అట్లా అనుకొనడు. ఆ పిల్లను విశాలమైన చెరువులోకి మార్చి, చాలినంత మేత వేసినప్పుడు, అది వెనుకబడిన ఏడాదికి కూడ బదులు తీర్చుకొన్నట్లు వేగంగా ఎదుగుతుంది. అందుకే అటువంటి పిల్లలను రైతులు ఏరికోరి కొనుక్కొంటారు. ఆగిన ఎదుగుదల పోయిన ఎదుగుదల కాదని శాస్త్రజ్ఞులు చెప్పేదీ, చెరువుగట్టు మీద రైతు చెప్పేదీ ఒక్కటే.

చేప విషయంలో ఇంత ఓర్పు చూపిన మనం ఇంట్లో బిడ్డ విషయంలో చూపగలుగుతున్నామా?

కలిదిండినుండి తూర్పుగా ఉప్పుటేరు దాటితే ఆకివీడు వస్తుంది; అక్కడినుండి ఉండి మీదుగా భీమవరం చేరవచ్చును. ఆ భీమవరంలో 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించినారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఈయన పేరు వినని తెలుగువారు ఇప్పుడు తక్కువే. గొప్ప శాస్త్రజ్ఞుడనీ, ఎన్నో మందులకు మూలపురుషుడనీ పాఠాలలో చదువుకొన్నాము. అయితే పాఠాలు ఆయన జీవితాన్ని చివరినుండి మొదటికి చూపుతవి. విజయం ముందు తెలిసిన తరువాత అపజయాలు కథకు అలంకారాలవలె కనిపిస్తవి. ఈ సాయంకాలం ఆ జీవితాన్ని మొదటినుండి, ముందేమి జరుగనున్నదో తెలియనివారివలె చూడమని మిమ్ములను కోరుతున్నాను.

బాలుడైన సుబ్బారావుకు పదమూడేండ్ల వయస్సు. ఇంట్లో పేదరికం. చదువుమీద మనస్సు నిలువదు. దగ్గర బంధువైన మరొక పిల్లవానితో కలిసి కాశీకి బయలుదేరినాడు. కాశీకి పోయేది వేదం చదువుకొనటానికి కాదు. గంగ ఒడ్డున యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావటానికి! ఇది ఆయన తొలి కల. తల్లి మనుషులను పంపి, దారిలోనే పట్టించి, వెనుకకు తెప్పించినది. ఆ కల నెరవేరనందుకు ఈనాడు ప్రపంచమంతా సంతోషించవలసి ఉన్నది. నీ కలను ఎవరు అడ్డగించినా వినవద్దని యువకులకు చెప్పేవారు ఈ వెంకమ్మగారిని ఒకసారి తలచుకొనటం మంచిది. పదమూడేండ్ల వయస్సులో వచ్చిన ప్రతి కలా కడవరకు మోయదగినది కాదు.

తరువాత చదువు రాజమహేంద్రవరంలో సాగినది. మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చున్నాడు, తప్పినాడు. మరల కూర్చున్నాడు; మరల తప్పినాడు. మూడవసారి మద్రాసులో హిందూ హైస్కూలునుండి పరీక్షకు పోయి ఉత్తీర్ణుడైనాడు. ఆ రోజులలో మెట్రిక్యులేషన్ తప్పటం చిన్న సంగతి కాదు. ఉద్యోగానికీ, పైచదువుకూ అదే ద్వారం. రెండుమారులు ఆ ద్వారం మూసికొనిపోయిన పిల్లవానిని గురించి ఊరు ఏమనుకొని ఉంటుందో మనం ఊహించుకొనగలము. "ఈ అబ్బాయికి చదువు అబ్బదు" అన్న మాట మన ఊళ్లలో ఎంత సులభంగా పుడుతుందో, ఎంత కాలం నిలుస్తుందో మీకు తెలియనిది కాదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఆయన మనస్సు సన్న్యాసం వైపు మళ్ళినది. రామకృష్ణ మిషన్‌లో చేరిపోవలెనని కోరిక. తల్లి అంగీకరించలేదు. వైద్యం చదివితే ఆ విద్యతోనే ప్రజలకు సేవ చేయవచ్చునన్న హితవు ఆయనకు దొరికినది. ఆ విధంగా మద్రాసు వైద్య కళాశాలలో చేరినారు. కాశీలో పండ్ల వర్తకం మొదటి కల, సన్న్యాసం రెండవ కల, వైద్యం మూడవది. కలలు మారినవి. అయితే రెండవదానికీ మూడవదానికీ నడుమ ఒక దారం తెగకుండా మిగిలినది: తన బ్రతుకు ఇతరుల బాధకు ఉపయోగపడవలెనన్న తపన. కల మారినంతమాత్రాన మనిషి ఓడిపోయినట్లు కాదు. దారం తెగినప్పుడే చింతించవలసి ఉంటుంది.

వైద్య కళాశాలలో కూడ దారి నున్నగా లేదు. గాంధీజీ పిలుపు విని ఆయన ఖద్దరు ధరించినారు; శస్త్రచికిత్స తరగతికి కూడ ఖద్దరు దుస్తులతోనే పోయినారు. ఆ విషయంలో ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియైనారు. వ్రాత పరీక్షలలో బాగుగా వ్రాసినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పత్రం చేతికి వచ్చినది. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నించినారు, దొరకలేదు. చివరకు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే ఉపాధ్యాయుడుగా చేరినారు.

ఇంతలో ఇంట్లో జరిగిన విషాదం మరొకటి ఉన్నది. ఆయన విదేశానికి పోకముందే ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో మరణించినారు. వారిని బలిగొన్న వ్యాధి స్ప్రూ. ఉష్ణదేశాలలో కనిపించే ఈ వ్యాధిలో ప్రేగులు ఆహారంలోని సారాన్ని గ్రహించలేవు. మనిషి తింటూనే శుష్కించి, రక్తం క్షీణించి పోతాడు. ఆనాటి వైద్యం దానిముందు చేతులు ముడుచుకొని నిలిచినది. సోదరుల శయ్య ప్రక్కన వైద్యవిద్యార్థికి ఎదురైన ప్రశ్న ఇది: ఈ మనిషి ఎందుకు చనిపోతున్నాడు? ఏ పదార్థం లోపించినందువల్ల?

మద్రాసులో ఒక అమెరికన్ వైద్యునితో కలిగిన పరిచయం ఆయన మనస్సును అమెరికావైపు త్రిప్పినది. పోవటానికి డబ్బు కావలెను. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనం సమకూర్చినారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చినది. రంగూనులో ఆర్జించిన ధనాన్ని ధర్మానికి వ్రాసిపోయిన దాత ఆ సత్యలింగంగారు. 1920ల ఆరంభంలో సుబ్బారావుగారు బోస్టన్ చేరినారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం చదివినారు. జీవనానికి ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేసినారు. పగలు చదువు, రాత్రి రోగుల గదులలో ఊడిగం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాము. ఆ ఆస్పత్రి నడవలో రాత్రివేళ పనిచేస్తున్న ఆ తెలుగు యువకుని వయస్సు ముప్ఫైలోపు. ఆయన వద్ద ఉన్న కాగితాలు ఆయనను గురించి ఏమి చెబుతున్నవి? రెండుసార్లు మెట్రిక్యులేషన్ తప్పినాడని ఒకటి; పూర్తి వైద్యపట్టాకు తగడని మరొకటి; ప్రభుత్వ ఉద్యోగానికి పనికిరాడని ఇంకొకటి. ఆత్మవిశ్వాసం ముందే ఉండవలసిన మూలధనమైతే, ఈ మనిషి దివాలా తీసి ఉండవలెను. అయినా పని సాగినది. ఎందువల్ల? ఆయన మనస్సులో తానెంతటివాడన్న విచారానికి చోటు తక్కువ. ఆ ప్రశ్నకే చోటు ఎక్కువ. నన్ను నేను నమ్ముకోగలనా అని అడిగేవాడు తనవైపే చూస్తూ ఉంటాడు. ఈ మనిషి ఎందుకు చనిపోతున్నాడని అడిగేవాడు పనివైపు చూస్తాడు. విశ్వాసం ఆ రెండవ చూపు వెనుకనే, చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది.

హార్వర్డ్‌లో ఆయన చేసిన మొదటి ఘనకార్యం ఏమిటో వింటే మీకు ఆశ్చర్యం కలుగవచ్చును. అది మందు కాదు, మహాసిద్ధాంతం కాదు, ఒక కొలత. సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి, రక్తంలో, మూత్రంలో ఉండే భాస్వరాన్ని రంగు సహాయంతో కొలిచే పద్ధతిని ఆయన 1925లో ప్రకటించినారు. భాస్వరం ఎంత ఉంటే నీలిరంగు అంత చిక్కనౌతుంది. ఆ రంగును చూచి పరిమాణం నిర్ణయించవచ్చును. వినటానికి సామాన్యంగా ఉన్నది. కాని ఆ పద్ధతికి ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరు స్థిరపడి, జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థుల చేతిలోకి తరతరాలుగా వస్తున్నది. శాస్త్రలోకంలో అత్యధికంగా పేర్కొనబడిన పరిశోధన పత్రాలలో అది ఒకటి. రెండుమారులు మెట్రిక్యులేషన్ తప్పిన చేయి పరీక్షనాళికను తప్పులేకుండా పట్టుకొనటం నేర్చుకొన్నది. విశ్వాసానికి తొలి పునాది ఆ చేతిపని.

ఆ కొలతే పెద్ద ద్వారాన్ని తెరచినది. కండరం పనిచేయటానికి శక్తి ఎక్కడినుండి వస్తున్నదన్న విషయంలో కండరాలలోని లాక్టిక్ ఆమ్లానికి ఆనాడు ప్రాముఖ్యం ఇచ్చేవారు. ఆ పరిశోధనలు చేసిన శాస్త్రజ్ఞులకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం కూడ లభించి ఉన్నది. ఫిస్క్, సుబ్బారావు తమ పద్ధతితో కండరాన్ని పరీక్షించి, అందులో ఫాస్ఫోక్రియాటిన్ అనే కొత్త పదార్థం ఉన్నదని 1927లో తెలిపినారు. 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని కూడ వేరుచేసినారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు విడిగా దానిని కనుగొన్నాడు. మన శరీరంలోని ప్రతి కణమూ వ్యయంచేసే నాణెం ఈ ఎ.టి.పి. అని ఇప్పుడు ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ చదువుకొంటున్నాడు. ఆ పాఠం చదువుతున్న కలిదిండి విద్యార్థికి, దానిని కనుగొన్నవారిలో ఒకరు ఉప్పుటేటికి ఆవలి ఒడ్డువారని ఎవరైనా చెబుతున్నారా?

1930లో ఆయనకు హార్వర్డ్ డాక్టరేటు లభించినది. అయినా ఆ విశ్వవిద్యాలయంలో స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనాలయానికి వెళ్ళిపోయినారు. మొదట చెప్పిన చేపపిల్ల సంగతి ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొనండి. విశాలమైన చెరువు దొరికినది. అప్పటికి ఆయన వయస్సు నలుబదియైదు. తరువాతి ఎనిమిదేండ్లలో జరిగిన పని ఒక మనిషి జీవితానికి మించినది.

పచ్చని ఆకులలోను, కాలేయంలోను ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేయటం 1945 నాటికి ఆయన బృందానికి సాధ్యమైనది. ఆ పదార్థాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూచిన వైద్యులకు మేలు కనిపించినది. శ్రోతలారా, సోదరుల శయ్య ప్రక్కన పుట్టిన ప్రశ్నకు ఇరవై ఏండ్లు దాటిన తరువాత, సముద్రాల ఆవల దొరికిన జవాబు ఇది. నేడు మన గ్రామాలలో గర్భిణులకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తెచ్చి ఇచ్చే ఇనుము–ఫోలిక్ మాత్రలో ఉన్నది ఆ పదార్థమే.

రెండవది మన జిల్లాల బాధను గురించినది. బోదకాలు అంటే ఏమిటో డెల్టావాసులకు వివరించనక్కరలేదు. దోమకాటు ద్వారా వచ్చే ఆ వ్యాధి సన్నని పురుగుల మూలంగా కలుగుతుందనీ, ఆ పురుగుల పిల్లలు రాత్రివేళనే రక్తంలోకి అధికంగా వస్తవనీ, అందుకే రక్తపరీక్ష చేసే సిబ్బంది రాత్రిపూట ఇండ్లకు వచ్చేవారనీ పెద్దలకు తెలుసు. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ ద్వీపాలకు పోయిన అమెరికన్ సైనికులకు కూడ ఆ వ్యాధి సోకినది. సుబ్బారావుగారి నాయకత్వాన పనిచేసిన బృందం దానికి హెట్రజాన్ అనే మందును 1947లో ప్రకటించినది. మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో ప్రారంభమైనప్పుడు ఉపయోగించిన మందు అదే. 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో ఏటా సామూహికంగా మ్రింగించిన డి.ఇ.సి. మాత్ర కూడ అదే. భీమవరంలో పుట్టిన బాలుడు భీమవరం వీధులలో చూచి ఉండే వ్యాధికి మందు న్యూయార్కు ప్రాంతంనుండి వచ్చినది.

మూడవదానిలో యువకులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సరుతో బాధపడే పసిపిల్లలకు చికిత్స చేస్తున్నాడు. ఫోలిక్ ఆమ్లానికి చెందిన పదార్థాలు ఇచ్చి చూడగా వ్యాధి తగ్గటానికి మారుగా ఉధృతమైనట్లు తోచినది. అది అపజయమే. అయితే దానినుండి వారు మరొక ప్రశ్న వేసికొన్నారు. ఫోలిక్ ఆమ్లంతో వ్యాధి పెరిగితే, ఆ ఆమ్లాన్ని అడ్డగించే పదార్థంతో తగ్గవలెను గదా! సుబ్బారావుగారి బృందం అటువంటి పదార్థాలను తయారుచేసి పంపినది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలలో పదహారుమంది పిల్లలలో పదిమందికి కొంతకాలంపాటు ఉపశమనం కలిగినది. ఆ కుదుటికే చెందిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సరుకు, కీళ్ళవాతానికి నేటికీ వైద్యులు వ్రాస్తున్నారు. అపజయం తనంత తాను ఏమీ నేర్పదు. దానిని కాగితంమీద వ్రాసిపెట్టి, ఇది ఎందుకు జరిగినదని అడిగినవానికే అది నేర్పుతుంది.

వయస్సు మించిపోయినదని ఇరవైయైదేండ్లకే నిరాశపడే యువకులు కొందరు ఉన్నారు. వారికోసం మరొక మనిషిని పరిచయం చేస్తాను. వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ 1872లో పుట్టినవాడు. డెబ్బదియేండ్లు దాటి, విశ్వవిద్యాలయంనుండి విరమించిన తరువాత 1944లో లెడర్లీకి వచ్చినాడు. సుబ్బారావుగారు నడుపుతున్న ఆ పరిశోధనాలయంలో ఎన్నో తావులనుండి తెప్పించిన మట్టిని పరీక్షించి, ఒక మట్టిలో బంగారువన్నె సూక్ష్మజీవిని పట్టుకొన్నాడు. దానినుండి వచ్చినదే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిదైన అది 1948లో లోకానికి వెల్లడియైనది.

ఆ 1948 ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలో కన్నుమూసినారు. వయస్సు 53. బ్రతికియుండగా ఆయనకు పెద్ద బిరుదులేవీ రాలేదు. ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు తరువాత ఆయన పేరు పెట్టినారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసినది.

ఇక్కడితో ఆపితే ఈ ప్రసంగం కూడ గోడమీది ఉపదేశంతో సమానమౌతుంది. చెప్పవలసిన మరొక సత్యం ఉన్నది. అమెరికాకు పోయిన సుబ్బారావుగారు మరల స్వదేశానికి రాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడనే ఉండిపోయినారు. కన్న తల్లి కూడ ఆయనను మరల చూడలేదు. లోకం పొందిన మేలులో ఈ ఇంటివారు చెల్లించిన మూల్యం కలిసియున్నది. ఆయన తప్పు చేసినారని తీర్పు చెప్పటానికి మనమెవరము? కాని కలను వెంబడించు అని చెప్పేటప్పుడు, ఆ కల ఖర్చు ఎవరి ఖాతాలో పడుతున్నదో కూడ చెప్పటం న్యాయం. కాశీ దారినుండి వెనుకకు మళ్ళించిన తల్లి, ధనం సమకూర్చిన మామగారు, ముఖమెరుగని విద్యార్థికి మాట ఇచ్చిన కాకినాడ ధర్మసంస్థ, కనిపెట్టుకొని కూర్చున్న ఇల్లాలు — వీరందరూ లేకుండా ఆ "స్వయంకృషి" ఎక్కడిది? తనను తాను నమ్ముకొనటానికి ముందు ఆయనను నమ్మినవారు కొందరున్నారు. ఆత్మవిశ్వాసం చాలవరకు ఇతరులవద్ద తెచ్చిన అప్పు. దానిని పనితో తీర్చినవాడు మరొకరికి అప్పు ఇవ్వగల స్థితికి వస్తాడు.

కనుక యువతీయువకులారా, మీతో నేను మనవి చేసేది స్వల్పం. నాలో ఏమున్నదని పదేపదే పెట్టె తెరచి చూచుకొనవద్దు. మిమ్ములను నిజంగా కలవరపెట్టే ప్రశ్న ఒకదానిని ఎంచుకొనండి. కొల్లేటి నీరు ఎందుకు చెడిపోతున్నదన్నది ప్రశ్న కావచ్చును; చెరువులో రొయ్యకు తెగులు ఎందుకు తగిలినదన్నది కావచ్చును; వేసవిలో ఉప్పుటేటి గుండా పైకి ఎగబ్రాకే ఉప్పునీటిని ఆపటం ఎట్లాగన్నది కావచ్చును. ప్రశ్న ఎంత పెద్దదైనా, దానికి చెందిన ఒక చిన్న పనిని ఈ నెలలో నిర్దుష్టంగా చేయటం నేర్చుకొనండి. నీటిలో ఉప్పును కొలవటం కూడ పనియే. భాస్వరాన్ని కొలిచిన చేయి ఎక్కడిదాకా పోయినదో విన్నారు గదా. ఉన్నచోట ఎదుగుదల ఆగిపోయినదని తోచినప్పుడు, చెరువు మారవలసి ఉన్నదేమో ఆలోచించండి. ఏలూరులో కళాశాలలున్నవి, తాడేపల్లిగూడెంలో 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది. ఆ గుమ్మాలు ఎక్కలేనివానికి ఒక మంచి పనివాని ప్రక్కన కూర్చుని పని నేర్చుకొనే దారి ఎప్పుడూ తెరచియే ఉన్నది.

తల్లిదండ్రులకు కూడ ఒక మాట. ఫలితాల రోజున మీ బిడ్డ ముఖం చూచి మీరు పలికే మొదటి వాక్యం, ఆ ఏడాది మొత్తం మీరు చెల్లించిన రుసుముకంటె విలువైనది. "ఎన్ని వచ్చినవి?" అని అడుగకముందు "అన్నం తిన్నావా?" అని అడుగండి. బిడ్డ మాటలో నిస్పృహ ఎక్కువగా వినబడితే ఒంటరిగా విడువకండి. పదునాలుగు నాలుగువందల పదహారు, అనగా 14416 అనే టెలిమానస్ సంఖ్యకు ఫోను చేస్తే రాత్రీపగలూ ఉచితంగా సలహా చెప్పేవారున్నారు. 2022లో ప్రభుత్వం ఏర్పరచిన సదుపాయం అది. తెలుగులో కూడ మాట్లాడుతారు.

ఉప్పుటేటి ఒడ్డున పెరిగినవారికి పోటు, పాటు కొత్తవి కావు. సముద్రం పోటెత్తినప్పుడు ఏరు వెనుకకు పారుతున్నట్లే కనిపిస్తుంది. పడవవాడు దానిని చూచి ఏరు ఎండిపోయినదని అనుకొనడు. పడవను కట్టివేసి, వల బాగుచేసికొంటూ కూర్చుంటాడు. పాటు వచ్చినప్పుడు విప్పుతాడు. పరీక్ష తప్పిన బిడ్డ చేతికి ఈ వేసవిలో మనం ఇవ్వవలసినది ఆ వలే.